పద్దు చదవడం నేర్చుకున్న సభ

పార్లమెంటు అనగానే భవనం, సభ్యులు, ఓట్లు అన్న మూడే సామాన్యంగా మనసులో మెదులుతాయి గాని, మంత్రిత్వశాఖ నుంచి వచ్చిన బిల్లును చదివి, పాత చట్టాలతో సరిచూసి, సభ్యునికి అర్థమయ్యే రెండు పుటల వివరణగా మార్చి, సకాలంలో అతని బల్లమీదికి చేర్చే యంత్రాంగం లేనిదే ఆ మూడూ కలిసినా శాసనసభ కాజాలవు. ఈ యంత్రాంగమే సభా సచివాలయం. కొత్త దేశాల్లో సభ్యులకూ ఉద్యోగులకూ శిక్షణనిచ్చి, సభ తన పనిని తానే ముందుగా యోచించుకొనేలా తోడ్పడే వ్యాపకాన్ని పార్లమెంటరీ సహాయం అంటున్నారు. ఇది నేడు దాదాపు ఒక వృత్తిగా స్థిరపడింది. దాని బలమూ బలహీనతా ఒకేచోట కనిపించే దేశం తిమోర్ లెస్తె. తెలుగు పాఠకులకు తూర్పు తిమోర్ అన్న పేరుతో ఎక్కువ పరిచయం.

పోర్చుగీసు వలసగా శతాబ్దాలు గడిపి, 1975 నవంబరులో స్వాతంత్ర్యం ప్రకటించుకొని, పది రోజులు తిరగకముందే ఇండొనేసియా సైన్యం పాలబడిన ఆ అర్ధద్వీపం 1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం ఓట్లతో స్వాతంత్ర్యాన్ని కోరుకుంది. వెనుదిరిగిన సైన్యమూ దాని అనుచర దళాలూ ఊళ్లను, కార్యాలయాలను, దస్త్రాలను తగులబెట్టగా, పై ఉద్యోగాల్లో ఉన్న ఇండొనేసియన్లు తమ దేశానికి వెళ్లిపోగా, పాలనను చేపట్టిన ఐక్యరాజ్యసమితికి మిగిలింది బూడిదే. 2001లో 88 మందితో ఎన్నికైన రాజ్యాంగ సభ 2002 మే 20న, స్వాతంత్ర్యం వచ్చిన నాడే, మరో ఎన్నిక లేకుండా జాతీయ పార్లమెంటుగా మారింది. రాజ్యాంగం రాయడానికి ఎన్నుకున్న వారినే శాసనాలు చేయడానికి కూడా కొనసాగించడంపై విమర్శలు వచ్చాయి గాని, భారత రాజ్యాంగ సభ కూడా 1950 నుంచి 1952 దాకా తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసిందన్న సంగతి మనకు తెలిసిందే.

అయితే పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఢిల్లీలో కేంద్ర శాసనసభకు ప్రభుత్వంతో సంబంధంలేని సొంత కార్యాలయం విఠల్‌భాయ్ పటేల్ అధ్యక్షతలోనే, 1929 జనవరిలో ఏర్పడింది. గణతంత్రం వచ్చేనాటికి దానికి ఇరవై ఒక్కేళ్ల అనుభవం ఉంది. ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించే అంచనాల కమిటీ 1950లో పుట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షత వహించిన చిత్తూరు జిల్లా వాసి మాడభూషి అనంతశయనం అయ్యంగారు వెనుక ఆ అనుభవమంతా నిలిచి ఉంది. తిమోర్ రాజధాని దిలీలో అటువంటి వెనుదన్ను లేదు. సభ ముందు పుట్టి, సచివాలయం తరువాత పుట్టడమంటే వరుడు పీటలమీద కూర్చున్నాక పందిరికి గుంజలు పాతడం లాంటిది.

గుంజలు పాతడానికి వచ్చిన వారికి ఎదురైన మొదటి చిక్కు భాష. రాజ్యాంగం 13వ అధికరణం తేతుమ్, పోర్చుగీసు భాషలను అధికార భాషలుగా గుర్తించింది. 159వ అధికరణం ఇండొనేసియా భాషనూ ఇంగ్లీషునూ అవసరమున్నంత కాలం కార్యనిర్వహణ భాషలుగా వాడుకోనిచ్చింది. కాగితం మీద ఉదారంగా కనిపించే ఈ ఏర్పాటు సభలోకి వచ్చేసరికి నాలుగు భాషల కలగాపులగంగా మారింది. ప్రతిఘటన ఉద్యమాన్ని నడిపిన పెద్దతరానికి పోర్చుగీసు వచ్చు. ఇరవై నాలుగేళ్ల ఆక్రమణలో బడికి వెళ్లిన తరానికి చదువంతా ఇండొనేసియా భాషలో సాగింది. ఎక్కువమంది మాట్లాడే తేతుమ్‌కు ఆర్థిక, న్యాయ పరిభాష అప్పుడప్పుడే కుదురుకుంటోంది. బిల్లుల ముసాయిదాలేమో ఎక్కువగా పోర్చుగీసులో, పోర్చుగల్, బ్రెజిల్‌ల నుంచి వచ్చిన న్యాయసలహాదారుల చేతుల్లో తయారయ్యాయి. తేతుమ్‌లో ఆవేశంగా వాదించిన సభ్యుడు తాను వాదిస్తున్న అధికరణాన్ని స్వయంగా చదవలేని స్థితిలో ఉంటే, ఆ సభకు అవసరమైన శిక్షణ ప్రసంగ కళలో కాదు. బిల్లును మొదట సూత్రప్రాయంగా చర్చించి, తరువాత అధికరణాల వారీగా పరిశీలించి, చివర మొత్తంమీద ఓటు వేసే పోర్చుగీసు పద్ధతి అక్కడ అమలులో ఉంది. ఇందులో అసలు పని జరిగేది రెండో దశలోనే; చదవలేనివాడు మౌనం వహించేదీ అక్కడే. నిజం చెప్పాలంటే తెలుగు రాష్ట్రాల శాసనసభల్లోనూ బిల్లు ఇంగ్లీషు పాఠం ముందు తడబడిన సభ్యులు తక్కువేమీ కాదు గనుక ఈ విషయంలో మనం చిరునవ్వు నవ్వే అర్హత పరిమితమే.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో సలహాదారులు, అనువాదకులు, శిక్షకులు వచ్చారు. ఇటువంటి సహాయంలో దాగిన ప్రమాదాన్ని ఆ రంగంవారే ‘స్థానభర్తీ’ అనదగిన అర్థంలో ప్రస్తావిస్తుంటారు: నేర్పడానికి వచ్చినవాడు గడువు ముంచుకొచ్చినప్పుడు పనిని తానే చేసేస్తాడు. నివేదిక చక్కగా వస్తుంది, కమిటీ సంతోషిస్తుంది, నిధులిచ్చినవారు తృప్తిపడతారు. ఒప్పందం ముగిసి అతడు విమానం ఎక్కిన మరునాడు ఆ నివేదిక రాయగల మనిషి ఆ గదిలో ఉండడు. వంట నేర్పమంటే వండిపెట్టి వెళ్లినట్టే ఇది. నేర్పడం నిదానంగా సాగుతుంది, దాని ఫలితం ఎవరి పేరా నమోదు కాదు. ఏ ప్రాజెక్టు పట్టికలోనూ నిదానానికి గడి ఉండకపోవడమే దీని అసలు కారణమని అనిపిస్తుంది.

అయినా సహాయం వృథా పోలేదనడానికి పెట్రోలియం నిధి సాక్ష్యం. తిమోర్ సముద్రపు చమురు, వాయువుల ఆదాయాన్ని విదేశాల్లో మదుపు చేసి, దేశానికి కొంతకొంతగా అందించడానికి 2005లో ఒక చట్టం చేశారు. ఉన్న నిధినీ ఇంకా రానున్న చమురు ఆదాయాన్నీ కలిపి లెక్కించిన సంపదలో 3 శాతాన్ని ‘సుస్థిర ఆదాయం’ అంటారు. తరువాతి తరాలకు నష్టం లేకుండా ఏటా వాడుకోదగిన మొత్తమన్నమాట. అంతకు మించి తీయాలంటే అది దేశ దీర్ఘకాలిక ప్రయోజనానికి ఎలా అవసరమో ప్రభుత్వం పార్లమెంటుకు వివరించాలి; ఎంత తీయవచ్చునో గరిష్ఠ పరిమితిని సభ ఆమోదించాలి. ఆ దేశంలో పార్లమెంటరీ కమిటీలకు అక్షరాలే పేర్లు. ఆర్థిక వ్యవహారాలు చూసే ‘సి’ కమిటీ బడ్జెట్ మీద రాసే నివేదికలో ఈ లెక్కను తడమక తప్పదు.

2008లో ప్రపంచమంతటా బియ్యం ధరలు మండిపోతున్న వేళ ప్రభుత్వం ఏడాది మధ్యలో బడ్జెట్‌ను భారీగా పెంచి, ఆర్థిక స్థిరీకరణ నిధి పేరిట 24 కోట్ల డాలర్లు కేటాయించింది. ఓటింగులో ఓడిన ప్రతిపక్ష సభ్యులు అంతటితో ఊరుకోకుండా, అప్పుడు సర్వోన్నత న్యాయస్థానం బాధ్యతలు నిర్వహిస్తున్న అప్పీళ్ల కోర్టును ఆశ్రయించగా, ఆ నిధి రాజ్యాంగానికి, సుస్థిర ఆదాయాన్ని మించిన ఉపసంహరణ పెట్రోలియం నిధి చట్టానికి విరుద్ధమని తీర్పు వచ్చింది. న్యాయమూర్తులపై అధికారపక్షం విరుచుకుపడింది. తరువాతి సంవత్సరాల్లో సుస్థిర ఆదాయాన్ని మించి తీయడం దాదాపు మామూలైపోయింది కూడా. అయినప్పటికీ స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లు దాటిన దేశంలో, పద్దుల పుస్తకం తిరగేసి, ఏ అంకె ఏ అధికరణాన్ని మీరిందో వేలుపెట్టి చూపగలిగిన సభ్యులున్నారన్నది చిన్న విషయం కాదు.

ఇక ప్రణాళిక సంగతి. సిబ్బంది సంఖ్య, గ్రంథాలయం, చర్చల లిఖిత ప్రతులు, పరిశోధన విభాగం వంటివాటికి ఐదేళ్ల లక్ష్యాలు పెట్టుకోవడంలో తప్పులేదు గాని, శాసనసభ నీటిపారుదల శాఖ కాదు. దాని పనిభారం ప్రభుత్వం పంపే బిల్లులను బట్టి, దాని ఆయుష్షు ఎన్నికలను బట్టి మారిపోతుంది. 2017 జూలైలో ఎన్నికైన 65 మంది సభలో ప్రభుత్వానికి 30 మంది బలమే ఉండగా, ప్రతిపక్షం అక్టోబరులో ప్రభుత్వ కార్యక్రమాన్ని తిరస్కరించింది. పదవి చేపట్టగానే ప్రభుత్వం తన విధానాలను వివరిస్తూ సభ ముందుంచవలసిన పత్రాన్నే అక్కడ ప్రభుత్వ కార్యక్రమం అంటారు. వరుసగా రెండుసార్లు అది తిరస్కృతమైతే ప్రభుత్వం పడిపోతుంది. ప్రతిష్టంభన తెగక 2018 జనవరిలో అధ్యక్షుడు సభను రద్దు చేశాడు. ఆ సభ్యులకు ఇచ్చిన ఏ శిక్షణకైనా ఆయుష్షు ఆరు నెలలే. సచివాలయ ఉద్యోగులు మాత్రం అదే కుర్చీల్లో ఉన్నారు. శిక్షణ నిధుల్లో పెద్దవాటా ఎవరికి చేరాలన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం వెతకనక్కరలేదు.

2025 సెప్టెంబరులో 65 మంది సభ్యులకు కొత్త వాహనాలు కొనాలన్న నిర్ణయంపై విద్యార్థులు దిలీ వీధుల్లోకి వచ్చి పార్లమెంటు ముందు నిలబడ్డారు. 2008లోనూ సభ్యుల కార్ల మీదే విద్యార్థులు ఆందోళన చేశారు. ఈసారి సభ కొనుగోలును రద్దు చేసుకొంది. ఆ నెల ముగియకముందే మాజీ సభ్యుల జీవితకాల పింఛనునూ తొలగిస్తూ ఓటు వేసింది. ఆ విద్యార్థుల్లో చాలామంది 1999 తరువాత పుట్టినవారు. సభ్యుల వాహనాలకు ప్రజాధనం ఎందుకని వారు నిలదీశారు.