ఒకే సూది, రెండు ప్రశ్నలు

బతికున్న మనిషి మెదడులో సెరటోనిన్ ఎంతుందో, డోపమిన్ ఎంతుందో చూడటం అంత తేలిక కాదు. అందుకని నడుము దగ్గర వెన్నులోంచి నీరు తీసి, ఆ రసాయనాలు ఖర్చయ్యాక మిగిలే వ్యర్థాలను కొలుస్తారు. సెరటోనిన్‌కి 5-హెచ్‌ఐఏఏ, డోపమిన్‌కి హెచ్‌వీఏ. ఈ కొలతనే నమ్ముకున్న రెండు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 1976లో స్టాక్‌హోమ్ నుంచి మారీ ఓస్‌బర్గ్, ఆమె సహచరులు రాసింది. రెండోది 1992లో లండన్ నుంచి కీత్ హైలాండ్, పీటర్ క్లేటన్ బృందం రాసింది. పేరు మొదటిదానికి వచ్చింది. గట్టిది మాత్రం రెండోదే.

ఓస్‌బర్గ్ బృందం కుంగుబాటుతో ఉన్న 68 మంది వెన్ను నీటిలో 5-హెచ్‌ఐఏఏ కొలిచింది. అంకెలు రెండు గుంపులుగా చీలాయి: తక్కువ ఉన్నవాళ్లు 20 మంది, ఎక్కువ ఉన్నవాళ్లు 48 మంది. ఆత్మహత్యా ప్రయత్నాలు తక్కువ గుంపులోనే ఎక్కువ. ప్రాణం తీసుకున్న ఇద్దరూ ఆ గుంపువారే. మనసులోని బాధ గాజు గొట్టంలో అంకెగా కనిపించిందంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. కానీ లెక్కను రెండో వైపు నుంచి చదవండి. అంకె తక్కువగా ఉన్న ఆ 20 మందిలో 18 మంది ప్రాణం తీసుకోలేదు. రేపు ఎవరికి ముప్పు ఉందో చెప్పాల్సిన వైద్యుడికి ఈ అంకె ఎంత ఆసరా?

పైగా ఆ అంకె నిలకడైనది కాదు. వెన్ను నీరు మెదడు నుంచి నడుము దాకా ఒకే చిక్కదనంతో ఉండదు. ముందు తీసిన చుక్కల్లో వ్యర్థాలు తక్కువ, తర్వాత వచ్చేవాటిలో ఎక్కువ, ఎందుకంటే తర్వాత వచ్చేది మెదడుకు దగ్గరి నీరు. పొడుగు మనిషికి ఆ దారి పొడుగు, కాబట్టి అంకె తగ్గుతుంది. వయసుతో మారుతుంది. కొంత 5-హెచ్‌ఐఏఏ అసలు మెదడుది కాదు, వెన్నుపాముదే. ఇన్ని దాటుకుని వచ్చిన సంఖ్యను పట్టుకుని మనిషి దుఃఖం గురించి తీర్పు చెప్పడం సాహసమే.

లండన్ పత్రంలో రోగులు ఇద్దరే, కవల మగపిల్లలు. ఒళ్లు మెత్తగా వేలాడిపోతుంది, కళ్లు ఉన్నట్టుండి పైకి తిరిగిపోతాయి. వారి వెన్ను నీటిలో హెచ్‌వీఏ, 5-హెచ్‌ఐఏఏ రెండూ అడుగంటాయి. హైలాండ్ బృందం అక్కడితో ఆగలేదు, ఎగువనా చూసింది. డోపమిన్‌కి ముడిసరుకైన ఎల్-డోపా, సెరటోనిన్‌కి ముడిసరుకైన 5-హెచ్‌టీపీ, ఎల్-డోపా మిగిలిపోతే దాన్నుంచి పుట్టే 3-ఓఎండీ పేరుకుపోయి ఉన్నాయి. కాలువ లాకు దగ్గర అడ్డం పడితే ఎగువన నీరు నిలిచి, దిగువ చేలు ఎండిపోయినట్టే. అడ్డం పడిన చోటు ఏఏడీసీ అనే ఎంజైమ్. ఆ ఎంజైమ్ పనిచేయడం లేదని రక్తంలో విడిగా కొలిచి ఖాయం చేసుకున్నారు. ఇక్కడ ఒంటి అంకె మీద ఏ బరువూ లేదు. ఎగువ దిగువల పొందికే సాక్ష్యం.

వెన్ను నీటి పరీక్ష పనితనమంతా మంచం పక్కనే తేలుతుంది. ఏ గొట్టంలోకి ఎన్నో మిల్లీలీటరు వెళ్లాలో ముందే రాసి ఉంటుంది. గొట్టాలు మంచులో సిద్ధంగా ఉంటాయి. రక్తం కలిస్తే వెంటనే తిప్పి ఎర్రకణాలు వేరు చేయాలి, లేకపోతే నమూనా పాడైనట్టే. పసిబిడ్డలో హెచ్‌వీఏ పెద్దవాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ వయసు పిల్లల అంకెలతో పోల్చకపోతే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. ఓస్‌బర్గ్‌ను ఇబ్బంది పెట్టినవీ ఇలాంటి చిక్కులే. అయితే ఎంజైమ్ పూర్తిగా చతికిలపడ్డప్పుడు తేడా ఎంత పెద్దదంటే, ఈ చిక్కులు దాన్ని కప్పలేవు. కుంగుబాటులో తేడా చిన్నది, చిక్కులే దాన్ని మింగేస్తాయి.

ఓస్‌బర్గ్ పట్ల ఒక న్యాయం చేయాలి. ఆమె పత్రం శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది. దాన్ని తుడిచేసింది తర్వాతివాళ్లు. సెరటోనిన్ తక్కువైతే దిగులు అనే మాట పత్రికల్లోకీ మందుల ప్రచారంలోకీ ఎక్కింది. 2022లో జోవన్నా మాంక్రీఫ్ బృందం పాత సమీక్షలను కలిపి చూసినప్పుడు వెన్ను నీటిలో 5-హెచ్‌ఐఏఏకీ కుంగుబాటుకీ నిలిచే సంబంధం దొరకలేదు. ఆ సమీక్ష మీదా విమర్శలున్నాయి, అది వేరే చర్చ. ఆత్మహత్య ముప్పుతో సంబంధం అన్న ఓస్‌బర్గ్ ప్రశ్న వేరు, దాన్ని ఈ సమీక్ష కొట్టివేయలేదు.

లండన్ దారి ఇంకా ముందుకు సాగింది. తైవాన్‌లో ఈ ఏఏడీసీ లోపం ఉన్న పిల్లల మెదడులోకి నేరుగా జన్యువును ఎక్కించి చూశారు. ఆ చికిత్సకు 2022లో ఐరోపా, 2024 నవంబరులో అమెరికా అనుమతిచ్చాయి. అనుమానం తీర్చుకోవడానికి ఇప్పుడు మొదట సూది కూడా అక్కర్లేదు, ఎండిన రక్తపు చుక్కలో 3-ఓఎండీ చూడవచ్చు. కళ్లు తిరిగిపోవడాన్ని మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడే పిల్లలుంటారు. మీ ఎరుకలో అలాంటి పసివాడుండి, మందులతో గుణం కనిపించకపోతే, ఈ రక్తపు చుక్క పరీక్ష సంగతి వైద్యుణ్ణి అడగండి.