ఊసరవెల్లి మీద అభాండం

మన కథల్లో నాయకుడు పార్టీ మారితే ఊసరవెల్లి. కట్నం దగ్గర మాట మార్చిన వియ్యంకుడు ఊసరవెల్లి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్న సామెత ఉండనే ఉంది. ఇక్కడి ఒడియా ఇరుగుపొరుగులు కూడా మాట తప్పినవాణ్ణి ఎండుఅలా రంగు మార్చాడనే అంటారు. రెండు భాషలు కలిసి ఒక నోరులేని జీవి మీద మోపిన ఈ నేరానికి సాక్ష్యం ఉందా అని విచారించిన వ్యాసం ఏదీ నా కంటపడలేదు. నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. బ్యాంకులో సంతకాలు పోల్చి చూడటంతో తల నెరిసింది. ఏది అసలు, ఏది నకిలీ అన్న ప్రశ్న వస్తే ఊరుకోలేను.

ముందు తొండ సంగతి చూద్దాం. పురుషోత్తంపూర్‌లో కంచె ఉన్న ప్రతి పెరట్లోనూ కనిపించే ఈ తొండకు 1802లో దొదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెర్సికలర్ అని పేరు పెట్టాడు. రంగులు మారేది అని అర్థం. ఎండలు ముదిరి వానలు పడే రోజుల్లో మగ తొండకు తల, భుజాలు ఎర్రబారతాయి. కంచె కర్ర చివరికెక్కి ముందుకాళ్ళ మీద లేస్తూ, దిగుతూ, తల ఊపుతుంది. నెత్తురు తాగి అలా అయిందని మన పిల్లలు రాళ్ళు విసురుతారు. దొరలూ తక్కువ తినలేదు, దానికి బ్లడ్ సక్కర్ అని పేరు పెట్టిపోయారు. పాపం, అది తాగింది ఎవరి నెత్తురూ కాదు. పెళ్ళిచూపులకు ముస్తాబయింది, అంతే.

బండల మీద బతికే తొండ ఇంకొకటి ఉంది. దాని చుట్టాలు మన తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు 2017లో దాని గురించి ప్రకటించిన పరిశీలన చూడండి. ఆడదాని ఎదుట మగ తొండ రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపించేలా చేస్తుంది. పోటీకి వచ్చిన మగదాని ఎదుటనైతే రంగు మార్చడంలో వేగం చూపిస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నదో దాన్నిబట్టి రంగు. ఇక ఊసరవెల్లి. దక్షిణాఫ్రికాలోని పొట్టి ఊసరవెల్లుల మీద 2008లో వెలువడిన పరిశోధన ప్రకారం, రంగులు ఎక్కువగా మార్చగలిగేవి రకరకాల పరిసరాల్లో దాక్కునేవి కావు. తమలో తాము ఎక్కువ ఆర్భాటంగా సైగలు చేసుకునేవి. దాక్కోవడం అసలు లేదని కాదు. ఎండ కాచుకోవడానికీ రంగు ముదురుతుంది. కాని ఆ విద్య అంతగా పెరిగింది కనబడటానికి, దాగడానికి కాదు.

మా వృత్తిలో అప్పు అడిగేవాడి తియ్యని మాటలకు విలువ లేదు. ఏం తాకట్టు పెడతాడన్నదే లెక్క. ఎర్రటి తలతో కర్ర చివర కూర్చున్న తొండ డేగ కంటికీ కనబడుతుంది. అంటే ప్రాణాన్నే హామీగా పెట్టి అడుగుతోందన్నమాట. 1975లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు జహావీ చెప్పినది దాదాపు ఇదే: ఖర్చులేని సైగను ఎవరూ నమ్మరు.

సాలెపురుగు దగ్గర ఈ హామీ ఇంకా భయంకరం. గోడ మీద ఈగల వెంటపడి ఎగిరి పట్టే చిన్న సాలీడును అందరూ చూసే ఉంటారు. అది వల కట్టి వేటాడదు. ఎనిమిది కళ్ళలో ముందున్న రెండూ పెద్దవి, చూపు చురుకు. మగది ముందుకాళ్ళెత్తి, పక్కలకు అడుగులేస్తూ ఆడదాని ముందు నాట్యం చేస్తుంది. నచ్చకపోతే ఆమె తినేయవచ్చు. అమెరికాలో పెకం దంపతులు 1889లోనే ఈ నాట్యాలను ఓపికగా చూసి రాశారు. 1990లో మరో ఇద్దరు పరిశోధకులు టీవీ తెర మీద మగ సాలీడు బొమ్మ ఆడిస్తే ఆడ సాలీడు దాన్ని నిజమనుకుని స్పందించింది. చూపే అక్కడ భాష.

మన కవిత్వంలో ఈ జీవులకు చోటెక్కడ? వలపుకి చిలుక, హంస, చకోరం, నెమలి. నెమలి అదృష్టం చెప్పనక్కర్లేదు. మన ఊరి పక్క జౌగఢలో అశోకుడి మొదటి శాసనంలోనూ అది ఉంది, వంటింటి లెక్కలో అయినా సరే. సాలీడుకూ పాముకూ గౌరవమిచ్చినవాడు ధూర్జటి. శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో సాలీడు దారంతో శివుడికి గుడి కట్టింది. వల కట్టే సాలీళ్ళకు చూపు తక్కువ, దారం కదలికే వాటికి వార్త. కనుక దాని భక్తినంతా దారంలో పెట్టడం సరిగ్గా కుదిరింది. కాని అది భక్తి. శృంగారం దగ్గరికి వచ్చేసరికి ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకం వర్ణిస్తూ కూర్చున్నారు. గోడ మీద జరిగేది దీనికి తలకిందులు. అలంకారం మగవాడిది, తీర్పు ఆడదానిది. ఈ దృశ్యం మన కవులకు అందకపోవడం నష్టమేనని నా అభిప్రాయం.

ఈ అభాండం నాకెందుకు పట్టిందో చెప్పాలి. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ తరువాత ఒడిశా. కౌంటరు దగ్గర ఒడియా, పై ఆఫీసుకి ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, అదీ ఒడియా యాసతో. అటునుంచి వచ్చిన ఒక వక్త మా సభలో నవ్వుతూ, మీరంతా ఊసరవెల్లులండీ అన్నాడు. నవ్వాం. ఇప్పుడైతే అడిగేవాణ్ణి: ఎదుటివాడికి అర్థమయ్యే రంగులో పలకరిస్తే అది మాట తప్పడమెలా అవుతుందయ్యా?

వేషం వేసే బల్లులు లేకపోలేదు. దక్షిణాఫ్రికా రాళ్ళ మీద చదునుబల్లి అని ఒకటి. దానిలో కొన్ని కుర్ర మగవి ఆడవాటి రంగులోనే ఉండిపోయి, పెద్ద మగవాటి కళ్ళుగప్పి వాటి ఇలాకాలో తిరుగుతాయి. మనుచరిత్రలో ప్రవరుడి రూపంతో వచ్చిన గంధర్వుడికి సాటి తేవలసింది వీటిని, ఊసరవెల్లిని కాదు. 2009లో తేలినదేమంటే, ఆ బల్లుల మోసం చూపుకే పరిమితం. పెద్ద మగది నాలుక తాకించి వాసన పట్టిందంటే బండారం బయటపడుతుంది. పెద్దన వరూధినికి ఆ సదుపాయం కల్పించలేదు.