పర్సోం అనగా ఎన్నడు?

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పునకు, హైదరాబాదు వైపు పోవుచుండగా, ఆ కొండలనుండియే దిగిన కాగ్నా పడమటికి తిరిగి, తాండూరు ప్రక్కగా పారి, కర్ణాటకమున భీమానదిలో కలియును. ఈ రెండవ యేటి వెంట నడచువానికి ఏ పొలము గట్టున తెలుగు ముగిసి కన్నడము మొదలైనదో తెలియదు. కందుల ధర తెలుగున చెప్పి, బేరము కన్నడమున ఆడి, కోపము వచ్చినప్పుడు ఉర్దూలోనికి దిగు తాండూరు వర్తకులను నేను చిన్ననాటినుండి ఎరుగుదును. అట్టి ఊరివాడను గనుకనే కాబోలు, న్యాయస్థానమున సాక్షుల మాటలను ఒక భాషనుండి మరియొక భాషలోనికి దింపు పని కొంతకాలము నాకు దొరకినది. వికారాబాదు జంక్షనులో రైలు కొరకు కాచుకొన్న ఉదయములే ఆ ఉద్యోగమున నాకు మిగిలిన విశ్రాంతి.

పోయిన ఆదివారము 'ఖాకి' చిత్రమును రెండవసారి చూచితిని. హెచ్.వినోద్ తమిళమున తీయగా, కార్తి నాయకుడుగా, 2017 నవంబరులో తెలుగు మాటలతో మన యొద్దకును వచ్చిన చిత్రమిది. రహదారుల ప్రక్కనున్న ఒంటరి ఇండ్లలో జొరబడి, మనుషులను చంపి, దోచుకొన్న సొమ్ముతో లారీలలో ఉత్తరమునకు జారుకొను ముఠాను వెదకుచు, వ్రేలిముద్రలే ఆధారముగా తమిళనాటి పోలీసులు రాజస్థాను ఇసుకలోనికి పోవుట అందలి కథ. పోరాటములను గూర్చి చెప్పువారు పలువురు కలరు. నన్ను నిలిపినది వేరు. తన నేలమీద ఒక్క కేకతో వీథిని ఖాళీ చేయింపగల అధికారి, పరాయి ఊరి నడుమ నిలువబడగనే, చేత తుపాకి యున్నను నోరు లేనివాడగును. అయితే ఆ తమిళుడు మనకు తెలుగున మాటాడుచుండుటచేత, అతని ఇబ్బందిలో ఒక పాలు దారిలోనే ఆవిరియైపోవుచున్నది; అతడు మద్రాసునుండి కాక మన బషీరాబాదునుండి బయలుదేరినట్లు తోచును. 1950లో 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలు పాటలు కూర్చినది మొదలు మన అనువాదచిత్రములు కోరుచు వచ్చినది ఈ మరపునే గదా! ప్రేక్షకుడు పరభాషను మరవవలెను; ఈ కథకు మాత్రము ఆ మరపే చేటు.

ఈ కథకు మూలమైన దర్యాప్తులో చిత్రము విడిచిపెట్టిన సంగతి ఒకటి కలదు. 1995 మొదలుకొని ఇంచుమించు పదేండ్లు తమిళనాడును వణికించిన బవారియా ముఠా చేత, 2005 జనవరిలో గుమ్మిడిపూండి శాసనసభ్యుడు సుదర్శనం హతుడైన పిమ్మట, వేటను ముమ్మరముగా నడిపిన పోలీసు అధికారి ఎస్.ఆర్.జాంగిడ్ పుట్టుకచేత రాజస్థానీయుడు. తమిళ పోలీసులకు పరదేశమైనది అతనికి పుట్టిల్లు. దర్శకుడు తన నాయకుని తమిళుని చేసినాడు. కథకు పట్టు హెచ్చినదేమో గాని, అధికారియు దుభాషియు ఒక్క శరీరమున నిలిచిన అరుదైన మనిషి తెరమీదికి రాలేదు. నాకది నష్టముగనే తోచును.

దుభాషి తప్పు ఎంత చిన్న మాటలో దాగియుండునో నేను చేతులారా చేసి నేర్చుకొన్నాను. ఒక కొట్లాట కేసులో నాపరాళ్లకు పాలిషు పట్టు మనిషి సాక్షి. ముద్దాయిని కడపటిసారి ఎన్నడు చూచితివని అడుగగా, "పర్సోం దేఖా థా సాబ్" అనెను. నేను తడవుకొనక "మొన్న చూచినాడట" అని చెప్పితిని. ముద్దాయి అప్పటికి నెలన్నరగా జైలులో ఉన్నాడు! ప్రతివాది వకీలు ఎగిరి లేచి, వీడు అబద్ధమాడుచున్నాడనెను. సాక్షి, గోళ్లలో రాతిపొడి ఇంకను తెల్లగా కనబడుచున్న చేతులతో బోను కమ్మిని పట్టుకొని, నా ముఖమువైపు చూచుచు, మెల్లగా తెలుగులో "నేనేం తప్పన్న సార్?" అని అడిగెను. నిఘంటువులో పర్సోం అనగా మొన్న. మా దక్కనీలో మాత్రము గడచిపోయిన ఏ దినమైనను పర్సోం, అది పోయిన వారము కావచ్చును, పోయిన యేడు కావచ్చును. ఈ సంగతి తాండూరు పిల్లవానికి తెలియును, నాకును తెలియును. జీతము తీసికొనగనే మరచితిని. లేచి, తప్పు నాదని విన్నవించుకొని, "కొన్నాళ్ల క్రిందట" అని దిద్దించితిని.

1808లో పుట్టి, పదునైదేండ్ల ప్రాయముననే మన దేశమునకు వచ్చి, నిజాము కొలువున పోలీసు పనియు చేసి, 1841లో మనకు పొరుగుననే యున్న సురపురమునకు అధికారిగా పోయిన మెడోస్ టేలర్ గూడ పరాయినేలపై నేరస్థుల మాటలు విన్నవాడే. 1839లో అతడు ప్రకటించిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవలలో అమీర్ అలీ అను థగ్గు వందల పుటలు ఇంగ్లీషులోనే మాటాడును. అదియు ఒక విధమైన డబ్బింగు. ఆ పిమ్మట 1871లో వచ్చిన చట్టము కొన్ని జాతులను పుట్టుకచేతనే దొంగలని పట్టీ కట్టినది. 1952 వరకు ఆ ముద్ర తొలగలేదు. మనిషి భాష వినరానప్పుడు అతని కులమును విని తీర్పు చెప్పుట తేలిక గనుక, 'ఖాకి'లో ముఠా పుట్టుపూర్వములు చెప్పు భాగము నాకు రుచింపలేదు. మా చుట్టు తండాలున్నవి.

రెండవసారి చూచునప్పుడు కొంతసేపు ధ్వని తగ్గించి, నటుని పెదవులను మాత్రము కనిపెట్టియుంటిని. పెదవులు మూసికొనుచోట ప, బ, మలలో ఏదో ఒకటి పడునట్లు కూర్చుట మాటల రచయిత నేర్పు. ఇక్కడ ఆ పని శ్రద్ధగనే జరిగినది. ఒక్కచోట మాత్రము అతని పెదవులు గట్టిగా కలిసెను, మన తెలుగు మాట నోరు తెరచియే యుండెను. వెనుకకు త్రిప్పి ఆ క్షణమును ముమ్మారు చూచితిని.