వాయించని వాడి వాటా

ముస్లింలు సంగీతం గురించి రాస్తే కవ్వాలీ మీద రాయాలి, కాకపోతే గజల్ మీద రాయాలి. ఇది ఎవరూ కాగితం మీద పెట్టని నియమం. 'మీకు ఇంగ్లండు రాక్ బాండ్లతో ఏం పని?' అని మమ్మల్ని అడిగినవాళ్లలో మా మొహల్లా పెద్దలే కాదు, లౌకికవాదులైన మిత్రులూ ఉన్నారు. మా చెవుల సరిహద్దులు కూడా ముందే ఎవరో గీసిపెట్టారన్నమాట. మేం మాత్రం విన్నాం. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన అన్నల పెట్టెల్లోని కాసెట్లలో విన్నాం. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన దొరికిన కాసెట్లలో విన్నాం. అట్ట మీద పాటల పేర్లు సగం తప్పులే. అయినా టేపు అరిగిపోయేదాకా విన్నాం. కాబట్టి ఈ బాండ్ల గురించి మాట్లాడే హక్కు మాకుంది. అభిప్రాయాలు మావి. నచ్చకపోతే కొట్లాడుకుందాం.

ప్రోగ్రెసివ్ అనే మాట వినగానే మన సాహిత్యకారులకు 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం గుర్తుకు రావచ్చు. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. ప్రోగ్రెసివ్ రాక్‌లో అభ్యుదయం రాజకీయాలది కాదు, పాట ఆకారానిది. మూడు నిమిషాల పాట చాలదన్నారు. ఎల్పీ రికార్డు ఒక వైపంతా ఒకే పాటతో నింపారు. యూరప్ శాస్త్రీయ సంగీతాన్నీ, చర్చి ఆర్గాన్‌నీ, జాజ్‌నీ రాక్‌లోకి లాక్కొచ్చారు. 1969 నుంచి 1975 దాకా దాని మంచిరోజులు. వాయించినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండు మధ్యతరగతి తెల్ల కుర్రాళ్లు. జెనెసిస్ బాండు పుట్టిందే చార్టర్‌హౌస్ అనే సంపన్నుల బడిలో. అసలు రాక్‌కు జన్మనిచ్చింది అమెరికా నల్లవాళ్ల బ్లూస్. ఆ బ్లూస్‌కు దూరంగా జరిగి బాఖ్ వైపు నడవడానికి 'పురోగతి' అని పేరు పెట్టారు. అయితే వదిలి వచ్చిన బ్లూస్ వెనకబడినదా? ఈ ప్రశ్న చాలామంది అభిమానులు వేసుకోరు. మేం వేసుకుంటాం. ఎదిగిన సంస్కృతి, ఎదగని సంస్కృతి అనే కొలబద్ద మా మీద కూడా వాడినదే గదా. అయినా ఈ ఒక్క కారణంతో అన్ని బాండ్లనీ ఒకే గాటన కట్టేస్తే అదీ అన్యాయమే. ఎవరెలా వాయించారో విడివిడిగా చూడాలి.

అభిమానుల కబుర్లలో గొప్ప వాద్యకారుడికి రెండే కొలతలు. ఎంత వేగంగా వాయించాడు? ఎన్ని మాత్రల లెక్కలో వాయించాడు? పింక్ ఫ్లాయిడ్ 1973లో 'మనీ' పాటను ఏడు మాత్రల్లో నడిపిందని చెప్పి కళ్లు పెద్దవి చేస్తారు. తబలా వింటూ పెరిగినవాళ్లకు రూపక్ ఏడు మాత్రలే, ఝప్‌తాల్ పదే. కర్ణాటక సంగీతం వినబడే ఇళ్లలో మిశ్రచాపు ఏడే. లెక్క మనకెవరికీ కొత్త కాదు. లెక్క తప్పకపోవడం చేతిలో వాద్యం పట్టుకోవడానికి కావలసిన కనీస అర్హత. దానికే దాద్ ఇస్తూ పోతే మెహఫిల్ తెల్లారిపోతుంది. మా కొలత వేరు. పక్కవాడు వాయిస్తున్నప్పుడు వీడేం చేస్తున్నాడు? దాన్నే మనం సంగత్ అంటాం.

ఈ కొలతతో చూస్తే కింగ్ క్రిమ్సన్‌కు సాటి లేదని మా తీర్పు. 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ల కచేరీ జరుగుతోంది. డేవిడ్ క్రాస్ వయొలిన్ మీద నెమ్మదిగా ఓ స్వరం ఎత్తుకున్నాడు. జాన్ వెట్టన్ బాస్ గిటార్‌తో, రాబర్ట్ ఫ్రిప్ మెల్లోట్రాన్‌తో అతని వెంట నడిచారు. ముందు రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు వేదిక మీదే అల్లుకున్నది. డ్రమ్ముల ముందు బిల్ బ్రూఫర్డ్ కూర్చుని ఉన్నాడు. పుల్లలు రెండూ గుండెకు అడ్డంగా పట్టుకుని, ఐదు నిమిషాల పైచిలుకు, ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. అతను మాత్రం ఎక్కడ అందుకుంటాడా అని ఎదురుచూస్తూనే ఉండి ఉంటాడు. ఆ చోటు రాలేదు. రాలేదని గుర్తించడమే అతని వాద్యం. 1974లో వచ్చిన 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' రికార్డులో ఆ భాగం ఉంది. పేరు 'ట్రయో', అంటే ముగ్గురిది. కానీ స్వరకర్తల పేర్లు చూడండి, నలుగురివి ఉంటాయి. వాయించని వాడికి సమాన వాటా! వాయించకపోవడాన్ని కూడా పనిగా లెక్కగట్టిన మరో రాక్ బాండును మేం వినలేదు.

బ్రూఫర్డ్‌కు ఈ నిగ్రహం పుట్టుకతో వచ్చింది కాదు. అతను యెస్ బాండులో ఉండగా 1972లో 'క్లోజ్ టు ది ఎడ్జ్' చేశాడు. పద్దెనిమిది నిమిషాల పాట. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి టేపు అతికించి తయారు చేసింది. అయినా ఎక్కడా అతుకు కనబడదు. క్రిస్ స్క్వయిర్ బాస్ గిటార్ వెనక నిలబడదు, ముందుకొచ్చి మాట్లాడుతుంది. ఆ మాటల మధ్య సందుల్లో బ్రూఫర్డ్ పుల్ల టక్కున పడుతుంది. ఆ రికార్డు వచ్చిన సమయానికే బ్రూఫర్డ్ యెస్‌ను వదిలేశాడు. పేరూ డబ్బూ దండిగా వచ్చే చోటు వదిలి క్రిమ్సన్‌లో చేరాడు. అక్కడ అతనికి జేమీ మ్యూర్ దొరికాడు. రేకులు, గొలుసులు, గంటలు, ఏది దొరికితే అది మోగించే మనిషి. సంగీతం నీకోసం లేదు, నువ్వే దానికోసం ఉన్నావు అనే సంగతి మ్యూర్ దగ్గరే నేర్చుకున్నానని బ్రూఫర్డ్ చెప్పుకున్నాడు. మ్యూర్ ఒక్క రికార్డు చేసి 1973లో బాండు వదిలి బౌద్ధ ఆశ్రమానికి వెళ్లిపోయాడు. 2025లో చనిపోయాడు.

క్రిమ్సన్ గురించి ఇంకొక్క మాట. 1974 నాటి 'స్టార్‌లెస్'లో నడిమి భాగం పదమూడు మాత్రలది. దాని మీద ఫ్రిప్ గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని కొడుతూనే ఉంటుంది. నిమిషాల తరబడి, మెట్టు మెట్టుగా పైకి. ఇంగ్లండులో అతనికంటే వేగంగా వాయించగలవాళ్లు ఎంతమందో మేం లెక్కపెట్టలేదు. ఆ ఒక్క స్వరం దగ్గర అంతసేపు నిలబడగలవాళ్లు మాత్రం ఎక్కువమంది ఉండరు.

మ్యూర్ కథకు ఒక తమాషా తోక ఉంది. 1973లో బ్రూఫర్డ్ పెళ్లి విందులో యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కు పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' గురించి చెప్పింది ఈ మ్యూరే. ఆండర్సన్ పుస్తకం చదివాడు. అందులో శాస్త్రాల మీద ఓ పాదసూచిక ఉంది. దాన్ని పట్టుకుని నాలుగు వైపులకు నాలుగు పాటలు, ఎనభై నిమిషాల రికార్డు తయారైంది! 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కే అది నచ్చలేదు. మాంచెస్టర్ కచేరీలో పాట నడుస్తుండగా వేదిక మీదే కూర తిన్నానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. శాస్త్రాలూ మనవే, కూరా మనదే. మా దృష్టిలో ఆ రోజు ఇండియాకు నిజంగా న్యాయం చేసింది కూర తిన్నవాడే. హాస్యం అటుంచితే, ఆ రికార్డులో అందమైన చోట్లు లేకపోలేదు, ముఖ్యంగా నాలుగో వైపున. కానీ పాదసూచిక పాదసూచికే. దాన్ని సముద్రం చెయ్యబోతే నీళ్లు చాలలేదు.

అదే కాలంలో యార్క్‌షైర్‌లో పుట్టిన మరో ఇంగ్లిష్‌వాడు ఏం చేశాడో చూడండి. జాన్ మెక్లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రాతో పెద్ద పేరు సంపాదించాడు. వేగంలో అతనికి ఎవరూ సరిరారు. ఆ పేరు అక్కడే వదిలి, ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టి, జాకిర్ హుసేన్ తబలాకూ వినాయకరామ్ ఘటానికీ ఎల్. శంకర్ వయొలిన్‌కూ పక్కన నేల మీద కూర్చున్నాడు. 1976లో వచ్చిన రికార్డు మీద ముందు 'శక్తి' అని ఉంటుంది, తర్వాతే 'విత్ జాన్ మెక్లాఫ్లిన్'. ఒకడు చదివి ఊహించుకున్నాడు, ఒకడు వచ్చి కూర్చున్నాడు. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఎమర్సన్, లేక్ అండ్ పామర్ గురించి మాట్లాడాలంటే మాకు కొంచెం బాధ. కీత్ ఎమర్సన్ హామండ్ ఆర్గాన్ మీటల మధ్య కత్తులు గుచ్చేవాడు. పియానోతో సహా గాలిలో గింగిరాలు తిరిగేవాడు. 1977లో పూర్తి ఆర్కెస్ట్రాను వెంటేసుకుని అమెరికా పర్యటనకు బయల్దేరి, ఖర్చు భరించలేక కొద్ది వారాలకే వాళ్లను ఇంటికి పంపేశారు. ముగ్గురూ నిపుణులే. కానీ ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. ఎమర్సన్‌కు చివరి ఏళ్లలో కుడిచేతి నరాలు సహకరించలేదు. అభిమానుల ముందు మునుపటిలా వాయించలేనేమో అని కుమిలిపోయేవాడని అతని సహచరి చెప్పింది. 2016 మార్చిలో అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. వేగానికి మాత్రమే చప్పట్లు కొట్టే మా అభిమానుల జాతి ఈ సంగతి తలుచుకోవాలి.

జెంటిల్ జెయింట్ గురించి ఎక్కువ చెప్పం. తలా నాలుగైదు వాద్యాలు వాయిస్తారు. 1972 నాటి 'నాట్స్'లో ఒక గొంతు వదిలిన మాటను ఇంకో గొంతు అందుకునే తీరు అబ్బురమే. కానీ కొన్నిసార్లు పక్కగదిలో ఎవరో పరీక్ష రాస్తున్నట్టుంటుంది.

జెనెసిస్ వేరు. 1972 నాటి 'సప్పర్స్ రెడీ' చివర్లో రూథర్‌ఫర్డ్, ఫిల్ కాలిన్స్ తొమ్మిది మాత్రల్ని మేకుల్లా దిగ్గొట్టి కూర్చుంటారు. టోనీ బాంక్స్ ఆర్గాన్ వాటిని ఖాతరు చెయ్యకుండా అడ్డంగా వెళ్లి, వెళ్లి, మళ్లీ ఇంటికొస్తుంది. తబలా సోలోకు హార్మోనియం లెహరా పట్టినట్టే. గాయకుడు పీటర్ గాబ్రియెల్ 1975లో బాండు వదిలాడు. 1982లో వోమాడ్ అనే ప్రపంచ సంగీతోత్సవం పెట్టించి అప్పుల పాలైతే, పాత మిత్రులు అదే ఏడు అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో కలిసి వాయించి ఆ అప్పు తీర్చడానికి సాయపడ్డారు. ఇదీ సంగతే. ఆ వోమాడ్ వేదిక మీదికే 1985లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ వచ్చాడు.

ఇక్కడ మెల్లోట్రాన్ గురించి చెప్పాలి. ఈ బాండ్లలో చాలావరకు వాడిన వాద్యం అది. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది. ఎవరో వాయించిన వయొలిన్, ఎవరో ఊదిన ఫ్లూట్, సుమారు ఎనిమిది సెకన్లు. మీట నొక్కితే ఆ ఎవరో పలుకుతాడు. అతని పేరు రికార్డు మీద ఉండదు.

గాబ్రియెల్ 1989లో 'పాషన్' చేశాడు, స్కోర్సెసీ సినిమా కోసం. అందులో నుస్రత్ గొంతు ఉంది. ఆ గొంతు లేచినప్పుడు మాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి, అబద్ధం చెప్పం. నుస్రత్ పేరు కూడా అట్ట మీద ఉంది, గాబ్రియెల్ ఆ మర్యాద తప్పలేదు. అయినా ఏదో వెలితి. కవ్వాలీ ఒక్క గొంతు కాదు, అదొక పార్టీ. ఫరూఖ్ ఫతే అలీ ఖాన్ హార్మోనియం, దిల్దార్ హుసేన్ తబలా, వెనక వరసలో కూర్చుని చరణం అందుకునే హమ్‌నవాలు, వాళ్ల చప్పట్లు. ఉస్తాద్ పైకి ఎగరగలిగేది కింద వీళ్లు నేల పరిచి ఉంచినందుకే. 'పాషన్'లో ఆ నేల లేదు. గొంతును దాని జమాత్ నుంచి విడదీసి, బాగున్న మేరకు తీసుకుని, ఇంకొకరి స్వరాల మధ్య అమర్చారు. మీట నొక్కినట్టు. మమ్మల్ని పిలిచే సభల్లోనూ మాకు ఇలాగే అవుతుంటుంది. ఒక్క గొంతుకు మైకు దొరుకుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు కుర్చీ కూడా దొరకదు.

గాబ్రియెల్‌కు ఇది తెలియదని మేం అనం. అదే 1989లో అతని రియల్ వరల్డ్ సంస్థే నుస్రత్‌ను పార్టీతో సహా రికార్డు చేసి 'షహెన్‌షా' విడుదల చేసింది. అందులో చప్పట్లున్నాయి, హార్మోనియం ఉంది, వెనక గొంతులన్నీ ఉన్నాయి. నుస్రత్ ఆగినచోట వాళ్లు అందుకుంటారు, వాళ్లు నడిపిస్తుంటే ఆయన ఊరుకుంటాడు. ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులెవరైనా మంచి కవ్వాలీ రికార్డు చెప్పమంటే మేం 'ట్రయో' ఒకసారి వినిపించి, ఆ వెంటనే దీన్ని పెడతాం.