పూర్వసూచన విధివ్రాత కాదు: పాతబస్తీ కథానికపై ఒక పరిశీలన

రాబోయే సంఘటనను కథకుడు ముందుగానే లీలగా తెలియజేయడాన్ని పూర్వసూచన అంటాము. అది కథానికలో ఉత్కంఠను ఎలా పెంచుతుంది? ముగింపు తెలియకపోవడమే ఉత్కంఠకు మూలమని సాధారణంగా చెబుతారు. హైదరాబాదు పాతబస్తీ కథల విషయంలో ఈ వివరణ చాలదని మా అభిప్రాయం.

నెల్లూరి కేశవస్వామి కథ 'యుగాంతం'నే తీసుకుందాము. పోలీసు చర్య నాటి హైదరాబాదు ఈ కథకు నేపథ్యం. 1948 సెప్టెంబరు 13న మొదలైన ఆ చర్య 17వ తేదీన నిజాము లొంగుబాటుతో ముగిసిందని పాఠకునికి తెలుసు. ఇక కథ పేరే అంతాన్ని ముందుగా చాటుతోంది. శిష్యులు యుగసమాప్తికి సూచన ఏమిటని ప్రభువును అడిగిన సందర్భం (మత్తయి 24:3) మనకు స్ఫురించక మానదు. అయినా చదవడం ఆపలేము. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న 'ఏమి జరుగుతుంది?' అన్నది కాదు. 'అది జరిగే వేళకు ఎవరు ఎవరికి పొరుగువారుగా మిగులుతారు?' అన్నది.

ఈ ప్రశ్నను నిలబెట్టడానికి పిడుగులు, గుడ్లగూబ కూతలు అవసరం లేదు. ఒక ఉదాహరణ ఊహించుకుందాము. శాలిబండలో పక్కపక్క ఇళ్లు. ప్రతి రంజాను పండుగకు ఒక ఇంటినుండి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది. ఆ గిన్నెను వట్టిగా పంపకూడదని రెండవ ఇల్లాలు ఏదో ఒకటి వేసి పంపుతుంది. ఒక సంవత్సరం గిన్నె వట్టిగా వెళ్లింది. కథకుడు వ్యాఖ్యానించకుండా ముందుకు సాగితే పాఠకుని గుండెలో గుబులు మొదలవుతుంది. మరుసటి పండుగకు గిన్నె వస్తుందా అని అతడు ఎదురుచూస్తాడు. వస్తుందన్న ఆశ మిగిలి ఉన్నంతవరకే ఆ ఉత్కంఠ.

గోడకు తుపాకి వేలాడదీస్తే అది తరువాత పేలి తీరాలన్నది రష్యన్ రచయిత చెహోవ్ పేరిట ప్రసిద్ధమైన సూత్రం. శిల్పరీత్యా అది మంచిదే. కాని లేఖనములు మరొక మార్గము కూడా చూపుతున్నాయి. నలువది దినములలో నీనెవె నాశనమగునని యోనా ప్రకటించాడు (యోనా 3:4). పట్టణము మారుమనస్సు పొందింది, నాశనము తప్పింది (3:10). పేతురు విషయంలో హెచ్చరిక నెరవేరింది. అయితే ఆ హెచ్చరికకు (మార్కు 14:30), కోడి కూతకు (14:72) నడుమ, మెలకువగా ఉండి ప్రార్థించుమన్న పిలుపు ఉంది (14:38). అతడు వేరుగా ప్రవర్తించగల చోటు అది. అందుకే అతని కన్నీరు మనలను తాకుతుంది. ముందే వ్రాసిపెట్టిన జాతకము మాత్రమే అయితే అక్కడ ఏడ్వవలసినది ఏమీ లేదు.

పాతబస్తీని గూర్చి వ్రాసేవారికి, ప్రసంగాలలో దానిని ఉదాహరణగా చెప్పే మనకు ఇందులో ఒక బాధ్యత ఉంది. 1990 డిసెంబరు అల్లర్ల వంటి జ్ఞాపకాల వలన చార్మినారు పేరు వినగానే కర్ఫ్యూను ఊహించే శ్రోతలు ఉన్నారు. కథకుడు ఆ ఊహనే పూర్వసూచనగా వాడుకుంటే కథ బిగువుగా ఉండవచ్చు. కాని పొరుగువానిపై తీర్పు మొదటి పేజీలోనే వెలువడిపోతుంది. సూచనకు, ముగింపుకు మధ్య ఒక తలుపైనా తెరచి ఉంచాలి. ఆ తలుపు గుండా ఎవరూ రాకపోయినా, రాగలిగి ఉండేవారని పాఠకుడు గ్రహించాలి. పూర్వసూచన ప్రవచనమునకు దగ్గరయ్యేది అక్కడే.