చెవి నుండి పద్యానికి: గోండు బడిపిల్లలకు తెలుగు కవిత్వ బోధన – ఒక పరిశీలన

ప్రస్తావన

ప్రాథమిక తరగతుల్లో పద్యబోధనకు ఒక క్రమం స్థిరపడి ఉంది. ఉపాధ్యాయుడు రాగయుక్తంగా చదువుతాడు, పిల్లలు అనుకరిస్తారు. ఆపై పదాలకు అర్థాలు, భావం, చివరకు కంఠస్థం. పిల్లవాడు తెలుగును ఇంటి నుండే తెచ్చుకుంటాడన్న భావన ఈ క్రమానికి ఆధారం. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఈ ఆధారం నిలవదు. గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ వినిపించే ఈ ప్రాంతంలో ఎందరో పిల్లలకు తెలుగు బడిలో ఎదురయ్యే భాష. అక్కడ పద్యం రెండు విధాలుగా పరాయిది అవుతుంది: భాష కొత్తది, ఆ భాషలోనూ అది వ్యవహారానికి దూరమైన రూపం. ఈ స్థితిలో పద్యాన్ని ఎట్లా చేరువ చేయవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మర్లవాయి పాఠం

ఈ ప్రశ్నకు జైనూర్ మండలంలోనే ఒక పూర్వచరిత్ర ఉంది. 1940 నాటి జోడేఘాట్ ఘటన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. 1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఈ ప్రయత్నంలో నేటికీ విలువైనది లిపి కంటే క్రమం. ముందు పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయుడు, ఆ తరువాత పుస్తకం. జాతీయ విద్యావిధానం 2020 వీలైనంత వరకు కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పినప్పుడు, సూత్రంగా ఈ క్రమమే మళ్ళీ ముందుకు వచ్చింది.

సోదర భాషల ధ్వని

గోండి, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవే. గోండిలో చెవి ‘కెవి’, చెయ్యి ‘కై’. తాలవ్యాచ్చుల ముందు ‘క’కారం తెలుగులో ‘చ’కారమైందన్న భాషాశాస్త్ర సూత్రాన్ని పిల్లలకు చెప్పనక్కరలేదు. ‘కెవి–చెవి’ అని జంటగా పలికించి, చెవిని తాకి చూపిస్తే చాలు. రెండో అక్షరం నిలిచి మొదటి అక్షరం మారడం వారికి వినబడుతుంది. ప్రాస అన్న పేరు తెలియకముందే ప్రాస అనుభవంలోకి వస్తుంది. ‘రండ్–రెండు’, ‘మూండ్–మూడు’ వంటి సంఖ్యల జంటలు లెక్కల పాటలకు సిద్ధంగా ఉన్నాయి.

ఛందస్సు విషయంలోనూ ఇదే దారి సాధ్యం. ఆటవెలదిలో 2, 4 పాదాలు ఐదేసి సూర్యగణాలు. ప్రతి గణమూ మూడు మాత్రలే కనుక ఐదు చప్పట్లకు పాదం సరిపోతుంది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తరువాత వచ్చే రెండు ఇంద్రగణాల వద్ద నడక సాగుతుంది. కాబట్టి సరిపాదాలతో మొదలుపెట్టి, తరువాత బేసిపాదాలకు వెళ్ళడం మేలు. దరువుకు అడుగు వేయడం దండారి చూసిన పిల్లలకు కొత్త కాదు.

రచన వైపు

అమెరికన్ కవి కెనెత్ కోక్ న్యూయార్క్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేత కవిత్వం రాయించి, ఆ అనుభవాన్ని 1970లో పుస్తకంగా వెలువరించాడు. ప్రతి పంక్తీ ఒకే కోరిక మాటతో మొదలుకావాలన్నది ఆయన ఇచ్చిన నియమాల్లో ఒకటి. తరగతి మొత్తం తలా ఒక పంక్తి చెబితే ఉమ్మడి కవిత తయారవుతుంది. ఈ పద్ధతిని జైనూర్‌కు యథాతథంగా తేలేము. ఇక్కడ పిల్లవాడు పంక్తిని మొదట గోండిలో చెప్పాలి. దానిని నల్లబల్లపై తెలుగు లిపిలో రాసి, పక్కన తెలుగు పంక్తిని అందరూ కలిసి కట్టాలి. గోండి రాని ఉపాధ్యాయుడు ఈ పనిలో పిల్లలనే అడిగి నేర్చుకోవలసి ఉంటుంది. 2018లో యూనికోడ్‌లో చోటు పొందిన గుంజాల గోండి లిపి పై తరగతుల్లో ఈ పనికి తోడు కాగలదు.

రెండు జాగ్రత్తలు

మొదటిది, కంఠస్థాన్ని శత్రువుగా చూడరాదు. గోండుల వంశగాథలను కిక్రి వాయిస్తూ పాడే పర్ధానుల విద్య ధారణపైనే నిలిచింది. లోపం కంఠస్థంలో లేదు, దాని స్థానంలో ఉంది. విని, ఆడి, తనదిగా చేసుకున్న తరువాత వచ్చే ధారణ వేరు, వాటికి ముందే విధించే ధారణ వేరు. రెండవది, ఆ గాథలు ఆచారంతో ముడిపడినవి. సందర్భం నుండి తెంచి వాటిని తరగతి గది వినోదంగా మార్చడం సృజనాత్మకత అనిపించుకోదు. ఆటమాటలు, జోలపాటలు, పొడుపుకథలు ఇందుకు తగిన సామగ్రి.

ముగింపు

కేవలం అభినయ గేయాలతో తరగతిని సందడిగా మార్చినంత మాత్రాన కవిత్వ బోధన జరగదు. పిల్లవాడు తన మాటలోని ధ్వనిని గుర్తించి, ఆ గుర్తింపుతో కొత్త భాషలోని ధ్వనిని అందుకోవాలి. ఇంటి మాటకు బడిలో చోటు లేదని ఆరేళ్ళ వయసులో గ్రహించిన పిల్లవాడు మొదట నేర్చేది మౌనం. ఆ మౌనం మీద ఎన్ని పద్యాలు కంఠస్థం చేయించినా అవి పెదవులు దాటి లోపలికి పోవు. పద్యాన్ని పరీక్షించే ముందు పద్యం వినే చెవిని గౌరవించడం ప్రాథమిక స్థాయి కవిత్వ బోధనకు మొదటి షరతు.