ఎండకు పుట్టిన గులాబీలు

మే నెలలో మా మేడ మీద గులాబీ పూయదు. నేనే పూయనివ్వను. మార్చి చివర్లోనే ఎరువు ఆపేస్తాను, ఆ తర్వాత వచ్చిన మొగ్గనల్లా గోటితో గిల్లేస్తాను. ఇంటికొచ్చినవాళ్లు ‘ఇన్ని కుండీలు పెట్టుకుని ఒక్క పువ్వయినా లేదేంటండీ’ అని జాలిపడుతుంటారు. నలభై దాటిన ఎండలో మొగ్గ మరీ తొందరగా ఎదిగిపోతుంది. రేకులు తగ్గుతాయి, పువ్వు చిన్నదవుతుంది, పొద్దున విచ్చుకున్నది మధ్యాహ్నానికే కమిలిపోతుంది. అలాంటి పువ్వు కోసం మొక్క ప్రాణం తోడెయ్యడం నాకిష్టం ఉండదు.

హైదరాబాదులో ఎండలతో పాటు ఎండాకాలపు రాత్రులు కూడా వేడెక్కాయి. మేడల మీద తోటలు పెట్టుకున్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. అందుకే ఈమధ్య చాలామంది పాత గులాబీల గురించి అడుగుతున్నారు. పాతవి మొండివి కదా, మన ఎండకి తట్టుకుంటాయి కదా అని. ఈ మాట సగమే నిజం.

1867లో ఫ్రాన్సులో ‘లా ఫ్రాన్స్’ అనే గులాబీ వచ్చింది. ఇప్పుడు నర్సరీల్లో దొరికే పెద్ద పూల హైబ్రిడ్ టీ రకాల్లో తొలిది అదేనంటారు. అంతకు ముందున్న తెగలన్నిటినీ పాత గులాబీలుగా లెక్కేస్తారు. అందులో గాలికా, ఆల్బా, సెంటిఫోలియా లాంటి యూరప్ తెగలది ఒక తీరు. అవి చలికాలమంతా ఆకు రాల్చి పడుకుంటాయి. ఆ చలి తగిలాకే, కిందటేటి కొమ్మ మీద, ఏడాదికి ఒక్కసారి పూస్తాయి. మంచు కింద నెలల తరబడి ఉన్నా చెక్కుచెదరవు. మొండివి అన్న పేరు వాటికి అలా వచ్చింది. కానీ మన డిసెంబరు వాటికి చలికాలం కిందే లెక్క కాదు. తెచ్చి నాటితే ఏళ్ల తరబడి ఆకులేస్తాయి, పొడుగ్గా పెరుగుతాయి, పూత మాత్రం రాదు. కేటలాగులో ఊదారంగు గాలికా బొమ్మ చూసి మనసు పారేసుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: బొమ్మ చూసి ఆనందించండి చాలు.

రెండో తీరు తూర్పు నుంచి వెళ్లినవాటిది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చైనా గులాబీలు యూరప్ చేరాయి. కొన్ని కలకత్తా మీదుగా ఓడలెక్కాయి కాబట్టి ఫ్రెంచివాళ్లు వాటిని బెంగాల్ గులాబీలన్నారు. వాటి గొప్పంతా ఆగకుండా పూయడంలో ఉంది. మిగతా గులాబీల్లో పూతని అదుపులో పెట్టి, ఏడాదికోసారి మాత్రమే వదిలే జన్యువొకటుంది. చైనా గులాబీల్లో ఎప్పుడో ఆ జన్యువు పాడైంది. దాంతో వచ్చిన ప్రతి చిగురూ మొగ్గ తొడుగుతుంది. ఎండకి వీటి రంగు వెలిసిపోదు, ముదురుతుంది. ‘మ్యుటాబిలిస్’ అని ఒకటుంది. తేనెరంగులో విచ్చుకుని, గులాబీరంగుకి తిరిగి, రాలేలోపు ఎర్రబారుతుంది. ఒకే పొదలో మూడు రంగులూ ఒకేసారి కనిపిస్తాయి. చైనా గులాబీలకి, వాటి చుట్టాలైన పాత టీ గులాబీలకి చలితో పని లేదు. మన ఊళ్లకి సరిపడే పాతవి ఇవి.

ఈ రెండు వంశాలూ కలిసిన చోటొకటుంది, రీయూనియన్ దీవి. అప్పట్లో దాని పేరు బోర్బన్. పొలాల గట్ల మీద కంచెలుగా నాటిన చైనా గులాబీ, యూరప్ వంశపు డమాస్క్ గులాబీ వాటంతటవే కలిసిపోయి, 1820 ప్రాంతానికి ఒక కొత్త గులాబీ బయటపడింది. ఎడువార్డ్ అని పేరు. మన దేశంలో అది ఎడ్వర్డ్ అయింది. దండలకి, పన్నీటికి తోటలుగా వేసేది, కొన్ని చోట్ల అంటు కట్టడానికి కింది మొక్కగా వాడేది ఈ జాతినే. నర్సరీ నుంచి అరచేతంత పువ్వున్న హైబ్రిడ్ టీ తెచ్చుకుంటాం. రెండో ఎండాకాలానికి పై అంటు ఎండిపోతుంది. అడుగునున్న ఎడ్వర్డ్ నుంచి పిలక లేచి చిన్న చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది. ‘మొక్క రంగు మార్చిందండీ’ అంటారు. మార్చలేదు, డబ్బు పెట్టి కొన్నది పోయింది, ఊరికే వచ్చింది బతికింది. వాసన కూడా దానికే ఎక్కువ. నేనయితే ఆ పిలక పీకను.

వేడి ఊళ్లకి వేడికి తట్టుకునే గులాబీలే కావాలన్న సంగతిని మన దేశంలో అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందే పదవీ విరమణ తీసుకుని, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్లో గులాబీల పనిలో పడ్డారు. చలిదేశాల కోసం పుట్టించిన రకాలను వేడిదేశాల్లో బతికించడానికి తంటాలు పడటమేమిటన్నది ఆయన వాదం. మణిపూర్ కొండల్లో చెట్లకి ఎగబాకే జైగాంటియా, తూర్పున నీళ్ల ఒడ్డున పెరిగే క్లైనోఫిల్లా, ఈ రెండు అడవి గులాబీలని తీసుకుని వేడికి తట్టుకునే రకాలు తయారుచేశారు. ఒకదానికి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. ఇవి పాత గులాబీలు కావు. అయినా పాతవాటిని ప్రేమించేవాళ్లు చదవాల్సిన పాఠం ఇందులోనే ఉంది. వయసు కాదు, పుట్టిల్లు చూసుకోవాలి.

ఇక పని విషయం. దక్కన్‌లో గులాబీలని అక్టోబరు నడిమికి కత్తిరించడం ఆనవాయితీ. కత్తిరించిన నెలన్నరకి పూత మొదలవుతుంది. కానీ 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదుని ముంచిన వాన గుర్తుందిగా. అలాంటి వాన పచ్చి కోత మీద పడితే బూజు పట్టి కొమ్మ చివర్నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వస్తుంది. అందుకే ఇప్పుడు నేను పంచాంగం చూడను, మబ్బు చూస్తాను. నాలుగు రోజులు వరసగా పొడి గాలి వీచాకే కత్తెర తీస్తాను. అదీ ఎండుపుల్లలు, పెనవేసుకున్న కొమ్మలు తియ్యడానికే. హైబ్రిడ్ టీని మోకాలెత్తుకి నరికినట్టు చైనా, టీ రకాలని నరికితే కోలుకోవడానికి ఏడాది పడుతుంది. వాటి బలమంతా ముదురు కొమ్మలో ఉంటుంది.

వేసవిలో చంపేది ఎండ ఒక్కటే కాదు, ఎర్రనల్లి కూడా. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, ఆకు దుమ్ము పట్టినట్టు పాలిపోతుంది. మందు కొట్టేకంటే పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు తడిసేలా నీళ్లు చిమ్మడం నయం. కుండీ మట్టి కనపడకుండా ఎండాకులో కొబ్బరిపీచో పరవాలి. నర్సరీవాళ్లిచ్చే నల్ల కవరులోనే మొక్కని ఉంచెయ్యకూడదు. వేళ్లు ఉడికిపోతాయి.

అంటు మొక్కల కోసం తిరగక్కర్లేదు. తెలిసినవాళ్లింట్లో పాత పొద ఉంటే, వానాకాలంలో పెన్సిలు లావు కొమ్మ జానెడు అడిగి తెచ్చుకుని, పై కొసకి పేడ ముద్ద పెట్టి, నీడలో నాటండి. సొంత వేరు మీద లేచిన మొక్కకి పై అంటు పోతుందన్న భయం లేదు. మొదటి ఎండాకాలం మాత్రం తూర్పు గోడ వారగా పెట్టండి. పడమటి ఎండ పిల్లమొక్కకి పడదు.